నొక్కిన కీ బ్యాష్ దాకా ఎందుకు రావట్లేదు?

తమ్ముడూ, నువ్వడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. నెల్లూరులో ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. రోజంతా సర్వర్లలో బ్యాష్ ముందే పని, అదే, లైనక్స్‌లో మనం టైపు చేసిన కమాండ్లు తీసుకుని నడిపే షెల్. పొడవాటి కమాండ్‌లో ఎక్కడో మధ్యలో ఒక ముక్క మార్చాలంటే బాణం కీ నొక్కిపట్టి కూర్చుంటున్నావు. విసుగొచ్చి ఎవరిదో డాట్ ఇన్‌పుట్‌ఆర్‌సి ఫైల్ (ఏ కీ ఏ పని చెయ్యాలో రాసుకునేది) దించుకుని హోమ్ డైరెక్టరీలో పెట్టావు. అప్పట్నుంచి పాత సర్వర్ మీద కంట్రోల్ పట్టుకుని బాణం నొక్కితే కర్సర్ మాట దాటడం మానేసి, సెమికోలన్, ఐదు, సి అనే చెత్త లైన్లో పడుతోంది. మీ టీమ్‌లో పెద్దాయనేమో వీఐ మోడ్, అంటే వీఐ ఎడిటర్ కీల తీరు, పెట్టుకో, అన్నీ సర్దుకుంటాయి అంటున్నాడు.

కమాండ్లు, ఆప్షన్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు చిన్న ఇంగ్లీషు అక్షరాలే వాడు, పెద్దది అని చెప్పినచోట తప్ప. వేరియబుల్ పేర్లు మాత్రం మొత్తం పెద్దక్షరాల్లోనే. పేర్ల మధ్య అడ్డగీత ఉన్నచోట అడ్డగీత కూడా వెయ్యాలి.

ముందు ఆ చెత్త సంగతి తేల్చేద్దాం. బ్యాష్‌లో నువ్వు లైన్ టైపు చేస్తున్నంతసేపూ పని చేసేది రీడ్‌లైన్ అనే లైబ్రరీ. నీ హోమ్‌లో డాట్ ఇన్‌పుట్‌ఆర్‌సి లేకపోతే అది ఈటీసీ డైరెక్టరీలో ఉన్న ఇన్‌పుట్‌ఆర్‌సిని చదువుకుంటుంది. నీ సొంత ఫైల్ కనిపించిందా, ఇక ఆ సిస్టమ్ ఫైల్ ముఖం కూడా చూడదు. ఉబుంటు, డెబియన్ల పాత వెర్షన్లలో కంట్రోల్-బాణానికి పని చెప్పేది ఆ సిస్టమ్ ఫైలే. అందుకే నీ ఫైల్ పెట్టగానే అది పోయింది. నీ ఫైల్లో మొట్టమొదటి వరుసగా డాలర్ గుర్తు, దానికి ఆనించి ఇన్‌క్లూడ్ అనే మాట, ఒక ఖాళీ, తర్వాత ఆ సిస్టమ్ ఫైల్ పూర్తి దారి రాయి. సేవ్ చేసి, ప్రాంప్ట్ దగ్గర కంట్రోల్-ఎక్స్, వెంటనే కంట్రోల్-ఆర్ నొక్కు. ఫైల్ మళ్లీ చదువుకుంటుంది, లాగవుట్ అయి రానక్కర్లేదు. దించుకున్న ఫైళ్లలో చాలావాటికి ఈ వరుస ఉండదు, ఎందుకంటే రాసినవాడి మిషన్‌లో దాని అవసరం పడి ఉండదు.

ఇది ఈ ఒక్క కీతో తీరిపోయే గొడవ కాదు. రేపు ఇంకో కీ పనిచెయ్యదు. అప్పుడు ఎక్కడ వెతకాలో తెలియాలి కదా, అది చెప్తా.

మాది కావలి కాలువ చివరి ఆయకట్టు. సోమశిలలో నీళ్లు వదిలారని పేపర్లో చదువుతాం, మా చేలోకి వచ్చేది ఎప్పటికో. పై తూముల వాళ్లు వాళ్లకు కావాల్సింది తీసుకోగా మిగిలిందే కిందికి. నువ్వు నొక్కిన కీ పరిస్థితీ అంతే. బ్యాష్ ఉండేది చివరి ఆయకట్టులో. మధ్యలో ఉన్న ప్రతి తూమూ ఆ కీ నాదే అంటే బ్యాష్‌కు చేరేది ఏమీ ఉండదు. నువ్వేమో ఇన్‌పుట్‌ఆర్‌సి ఫైల్‌ని తిడుతూ కూర్చుంటావు.

మొదటి తూము నీ డెస్క్‌టాప్, లేదా బ్రౌజర్. ఇప్పుడు చాలా చోట్ల సర్వర్ కన్సోల్ బ్రౌజర్ ట్యాబ్‌లోనే తెరుస్తున్నారు. అక్కడ మాట చెరపడానికి అలవాటుగా కంట్రోల్-డబ్ల్యూ కొట్టావంటే ట్యాబే మూసుకుపోతుంది. నాకు ఇది ఒకసారి కాదు, నాలుగైదు సార్లు జరిగింది. బ్రౌజర్ కన్సోల్లో ఆ కీ జోలికి పోకుండా ఎస్కేప్ నొక్కి వదిలి బ్యాక్‌స్పేస్ నొక్కడం నేర్చుకున్నాను.

రెండో తూము టెర్మినల్ ప్రోగ్రామ్. కొన్నిట్లో ఆల్ట్-ఎఫ్ నొక్కితే ఫైల్ మెనూ దిగుతుంది, ఒక మాట ముందుకు పోవాల్సింది పోయి. సెట్టింగ్స్‌లో మెనూ షార్ట్‌కట్లు ఆపే చోటు ఉంటుంది, ఆపెయ్యి. మ్యాక్ టెర్మినల్లో అయితే ఆప్షన్ కీని మెటా కీగా (ఆల్ట్ లాగా) వాడమని టిక్ పెట్టాలి. ఏదీ కుదరకపోతే ఎస్కేప్ నొక్కి వదిలేసి తర్వాత అక్షరం నొక్కు. ఆల్ట్-బి అంటే టెర్మినల్ లోపలికి పంపేది ఎస్కేప్, దాని వెనకే బి, అంతే. ఫోన్లో పని చెయ్యాల్సి వచ్చినా ఈ దారి పనికొస్తుంది.

మూడో తూము టీమక్స్, స్క్రీన్ లాంటివి, అంటే ఒకే టెర్మినల్లో చాలా విండోలు నడిపే ప్రోగ్రాములు, వాడితేనే ఉంటుంది. స్క్రీన్ కంట్రోల్-ఏని తినేస్తుంది, టీమక్స్ కంట్రోల్-బిని. స్క్రీన్‌లో లైన్ మొదటికి పోవాలంటే కంట్రోల్-ఏ తర్వాత ఉత్త ఏ నొక్కాలి. టీమక్స్‌లో కంట్రోల్-బి రెండుసార్లు నొక్కితే రెండోది కిందికి దిగుతుంది.

నాలుగోది కెర్నల్లో ఉండే టీటీవై డ్రైవర్, టెర్మినల్‌కీ ప్రోగ్రామ్‌కీ మధ్య అక్షరాలు అందించేది. నన్ను ఏడిపించింది ఇదే. ఉద్యోగంలో రెండో ఏడు, రాత్రి పదకొండు దాటింది, ఒక డేటాబేస్ కాపీ నడుస్తోంది, వరుసలు గబగబా పైకి పోతున్నాయి. ఏదో నోట్ రాసుకుంటూ సేవ్ చెయ్యడానికి కంట్రోల్-ఎస్ కొట్టాను. కొట్టింది ఎడిటర్ విండోలో కాదు, టెర్మినల్లో. తెర నిలబడిపోయింది. ఏం నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. సర్వర్ పోయిందనుకుని టెన్షన్‌లో విండో మూసేశాను. దాంతోపాటే కాపీ కూడా చచ్చిపోయింది. మళ్లీ మొదటినుంచి. కంట్రోల్-క్యూ ఒక్కసారి నొక్కి ఉంటే ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి సాగేది, ఆ సంగతి తెల్లారాక ఒకాయన చెప్తే తెలిసింది. కాగితం మీద అచ్చు కొట్టే పాత టెర్మినళ్ల రోజుల్లో కాసేపు ఆగు అని చెప్పడానికి పెట్టిన గుర్తు అది, అక్షరాలకు నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో 19వ కోడ్. ఇప్పటికీ పోలేదు. దీనివల్ల ఇంకో నష్టం కూడా ఉంది: రీడ్‌లైన్‌లో కంట్రోల్-ఎస్ అంటే హిస్టరీలో ముందుకు వెతకడం, కంట్రోల్-ఆర్‌తో వెనక్కి వెతుకుతూ ఒకటి దాటిపోతే తిరిగి రావడానికి. డ్రైవర్ తినేస్తుంటే అది నీకెప్పుడూ దక్కదు. బ్యాష్ మొదలవగానే చదువుకునే డాట్ బ్యాష్‌ఆర్‌సి ఫైల్లో ఎస్‌టీటీవై అని రాసి, ఖాళీ ఇచ్చి, అడ్డగీత ఆనించి ఐఎక్స్‌ఆన్ అని రాయి, ఆ తూము మూసుకుంటుంది. ఇంటరాక్టివ్ షెల్ కాకపోతే ఇక్కడే ఆగిపో అనే పరీక్ష ఆ ఫైల్ పైభాగంలో ఉంటుంది, ఈ వరుస దానికి కిందే ఉండాలి. లేకపోతే స్క్రిప్టులు దూరం నుంచి కనెక్ట్ అయినప్పుడు అనవసరమైన ఎర్రర్లు వస్తాయి.

ఈ డ్రైవర్ ఏయే కీలు తన దగ్గర పెట్టుకుందో చూడాలంటే ఎస్‌టీటీవై అడ్డగీత ఏ అని కొట్టు.

ఇవన్నీ దాటాక రీడ్‌లైన్. ఇక్కడా ఒక మెలిక ఉంది. కంట్రోల్-డబ్ల్యూ, కంట్రోల్-యూ లాంటి కొన్నిటికి నువ్వు ఇన్‌పుట్‌ఆర్‌సిలో వేరే పని రాసినా, ప్రతి ప్రాంప్ట్ దగ్గరా రీడ్‌లైన్ డ్రైవర్ని అడిగి పాత పనే మళ్లీ అంటగడుతుంది. బైండ్-టీటీవై-స్పెషల్-చార్స్ అనే సెట్టింగ్ ఆఫ్ చేస్తే గానీ నీ మాట చెల్లదు.

అసలు కాలువలో వచ్చే నీళ్లే తక్కువ అనేది కూడా తెలుసుకో. కంట్రోల్-ఏ నుంచి కంట్రోల్-జడ్ దాకా టెర్మినల్ పంపేది ఆస్కీలో 1 నుంచి 26 దాకా అంకెలు, అంతకు మించి ఏమీ లేదు. ట్యాబ్ కీ పంపేది 9. తొమ్మిదో అక్షరం ఐ. అంటే కంట్రోల్-ఐ, ట్యాబ్ రెండూ బ్యాష్‌కు ఒకటే. ఎంటర్ పంపేది 13, అంటే కంట్రోల్-ఎమ్. కంట్రోల్-ఐ ఖాళీగా ఉంది కదా అని దానికేదో పని అప్పజెప్పావనుకో, ట్యాబ్ పోయింది. కంట్రోల్-షిఫ్ట్-ఏ అని వేరే కీ కూడా మామూలు టెర్మినళ్లలో లేదు, అదీ ఒకటో నంబరే.

ఏ కీ నొక్కితే ఏం వస్తోందో చూడటానికి పెద్ద సాధనమేమీ అక్కర్లేదు. ప్రాంప్ట్ దగ్గర కంట్రోల్-వి నొక్కి, వెంటనే నీకు కావాల్సిన కీ నొక్కు. వచ్చినది వచ్చినట్టు తెర మీద పడుతుంది. ఏమీ పడలేదంటే పై తూముల్లో ఎవరో తిన్నారు. పడింది కానీ పని జరగట్లేదంటే తప్పు చాలావరకు రీడ్‌లైన్ దగ్గరే. నువ్వు ఇన్‌పుట్‌ఆర్‌సి తెరవాల్సింది ఆ రెండో సందర్భంలోనే.

ఇక బాణం కీ నొక్కిపట్టే జబ్బు. దీనికి మందు మార్పులు చెయ్యడంలో లేదు, ఉన్నవి నేర్చుకోవడంలో ఉంది. నాకు పండక్కి కందుకూరు దగ్గర అత్తగారి ఊరెళ్తే ఫోన్ హాట్‌స్పాటే గతి. నొక్కిన అక్షరం సర్వర్‌కు పోయి తిరిగొచ్చి తెర మీద పడటానికి అర సెకను పడుతుంది ఒక్కోసారి. బాణం నొక్కిపడితే ఎక్కడుందో తెలియదు, వదిలాక ఇంకో పది అక్షరాలు జారుతుంది. అక్కడ నేర్చుకున్నాను, ఆల్ట్-బి నాలుగుసార్లు అంటే నాలుగు మాటలు వెనక్కి, లెక్కపెట్టి నొక్కి చెయ్యి తీసెయ్యొచ్చు. కంట్రోల్-ఏ లైన్ మొదటికి, కంట్రోల్-ఇ చివరికి, ఆల్ట్-ఎఫ్ ఒక మాట ముందుకు. ఈ నాలుగూ వేళ్లకు పట్టాక తక్కినవి.

చెరపడంలో ఒక తేడా గట్టిగా పట్టుకో. లాగ్ డైరెక్టరీలో ఇంజిన్‌ఎక్స్ ఫోల్డర్ లోని యాక్సెస్ డాట్ లాగ్ చూశావు, ఇప్పుడు దాని పక్కనే ఉన్న ఎర్రర్ డాట్ లాగ్ కావాలి. పైబాణంతో పాత లైన్ తెచ్చుకుని కంట్రోల్-డబ్ల్యూ కొడితే ఖాళీ దాకా మొత్తం దారి పోతుంది, మళ్లీ అంతా టైపు చెయ్యాలి. ఆల్ట్-బ్యాక్‌స్పేస్ అయితే స్లాష్ దగ్గర, చుక్క దగ్గర ఆగుతుంది. రెండుసార్లు నొక్కితే ఫైల్ పేరు మాత్రమే పోయి ఫోల్డర్ దాకా దారి మిగులుతుంది. రెండూ కావాల్సినవే, ఒక్కోచోట ఒక్కోటి.

చెరిపింది ఎక్కడికీ పోదు, కంట్రోల్-వై నొక్కితే తిరిగొస్తుంది. ఇది నేను రోజుకు పదిసార్లు వాడతాను. పొడవాటి కమాండ్ టైపు చేశాక, అరే, ఫైల్ పేరు ఏంది అని అనుమానమొస్తుంది. కంట్రోల్-యూతో లైన్ ఎత్తి పక్కన పెట్టి, ఎల్‌ఎస్ కొట్టి చూసుకుని, కంట్రోల్-వైతో లైన్ మళ్లీ దించుకుంటా. బ్యాష్ లాంటిదే ఇంకో షెల్ జడ్‌షెల్, అందులో మాత్రం కంట్రోల్-యూ కర్సర్ వెనకదే కాదు, మొత్తం లైన్ లేపేస్తుంది.

ఆల్ట్-చుక్క ఇంకొకటి. ముందు కమాండ్ చివరి మాటను ఇక్కడికి తెస్తుంది, మళ్లీ నొక్కితే అంతకు ముందుదాన్ని. ఎమ్‌కేడిర్‌తో ఫోల్డర్ చేసి సీడీ అని రాసి ఆల్ట్-చుక్క. ఇది తెలియనివాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

లైన్ మరీ పెద్దదైపోతే కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఇ. నీ ఎడిటర్‌లో తెరుచుకుంటుంది, సేవ్ చేసి బయటికొస్తే నడుస్తుంది. జాగ్రత్త, సేవ్ చెయ్యకుండా బయటికొచ్చినా పాత లైన్ నడుస్తుంది! వద్దనుకుంటే లోపలున్నదంతా చెరిపి సేవ్ చేసి రావాలి. ఫైళ్లు చెరిపే ఆర్ఎమ్ ఉన్న లైన్లతో ఈ సంగతి మర్చిపోకు.

ఈ కీల కోసం ఏ ఫైల్లోనూ ఒక్క అక్షరం మార్చలేదు చూడు. కావాలనే. ఇవన్నీ బ్యాష్‌తో పాటే వచ్చేవి. బ్రయన్ ఫాక్స్ 1989లో బ్యాష్ తెచ్చినప్పుడు ఈమాక్స్ ఎడిటర్ కీలనే అందులో పెట్టాడు, తర్వాత చెట్ రేమీ దాన్నీ రీడ్‌లైన్‌నీ సాకుతూ వస్తున్నాడు. నీ ఉద్యోగంలో సగం మిషన్లు నీవి కావు. ఏ కస్టమర్ సర్వర్లోకో రాత్రిపూట దూరితే అక్కడ నీ ఫైల్ ఉండదు. ఉన్న కీని మార్చుకుంటే అక్కడ వేలు తప్పుతుంది. అందుకని నా పద్ధతి, ఉన్నదాని పని మార్చను, లేనిదే కలుపుకుంటాను.

నా ఫైల్లో ఉన్నవాటిలో అన్నిటికంటే విలువైంది పైబాణం. అది మామూలుగా హిస్టరీలో వరసగా వెనక్కి పోతుంది. దానికి హిస్టరీ-సెర్చ్-బ్యాక్‌వర్డ్ అనే పని, కిందిబాణానికి హిస్టరీ-సెర్చ్-ఫార్వర్డ్ అప్పజెప్పు. ఎస్‌ఎస్‌హెచ్ అని మూడక్షరాలు కొట్టి పైబాణం నొక్కితే ఆ మూడక్షరాలతో మొదలయ్యే లైన్లే వస్తాయి. లైన్ ఖాళీగా ఉంటే పాత పద్ధతే, కాబట్టి ఇది లేని మిషన్‌లో కూడా చెయ్యి తడబడదు. నేను ఉన్న కీని మార్చిన ఒక్కచోటూ ఇదే. ఇన్‌పుట్‌ఆర్‌సిలో రాసే తీరు: డబుల్ కోట్లలో బ్యాక్‌స్లాష్, ఇ, ఎడమ చదరపు బ్రాకెట్, పెద్ద ఏ; కోట్ మూశాక కోలన్; తర్వాత పని పేరు, కోట్లు లేకుండా. కిందిబాణానికి పెద్ద బి. కొన్ని టెర్మినళ్లు కొన్ని వేళల్లో బ్రాకెట్ బదులు పెద్ద ఓ పంపుతాయి, కంట్రోల్-వితో చూసుకుని అదీ ఇంకో వరుసగా రాసుకో.

పని పేరుకు కోట్లు లేవన్నాను కదా, అక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. కోలన్ తర్వాత కోట్లలో పెట్టావంటే అది పని కాదు, మ్యాక్రో. ఆ అక్షరాలే లైన్లో టైపు అవుతాయి. కావాలని వాడుకుంటే బాగుంటుంది. నేను కంట్రోల్-ఎక్స్ తర్వాత పి నొక్కితే నిలువు గీత, గ్రెప్, అడ్డగీత ఐ, ఒక ఖాళీ పడేట్టు పెట్టుకున్నా. కంట్రోల్-ఎక్స్‌తో మొదలయ్యే జంటల్లో చాలా ఖాళీగానే ఉంటాయి, మన సొంతవి అక్కడ కట్టుకుంటే ఎవరితోనూ తగువు రాదు. ఏవి ఖాళీనో బైండ్ అడ్డగీత పెద్ద పి కొడితే తెలుస్తుంది.

ట్యాబ్ విషయంలో మూడు సెట్టింగ్‌లు చాలు. సెట్ అని రాసి కంప్లీషన్-ఇగ్నోర్-కేస్ ఆన్, పెద్దక్షరం చిన్నక్షరం తేడా చూడదు. కంప్లీషన్-మ్యాప్-కేస్ ఆన్, అడ్డగీత, కింది గీత ఒకటిగా చూస్తుంది. షో-ఆల్-ఇఫ్-యాంబిగ్యువస్ ఆన్, రెండోసారి ట్యాబ్ నొక్కకుండానే జాబితా చూపిస్తుంది. ఇంకోటి, పాత సర్వర్లలో ఎనేబుల్-బ్రాకెటెడ్-పేస్ట్ ఆన్ చెయ్యి. వాట్సాప్‌లో వచ్చిన నాలుగు వరుసల కమాండ్ పేస్ట్ చేస్తే నువ్వు చూసుకునేలోపే నడిచిపోకుండా, ఎంటర్ కొట్టేదాకా ఆగుతుంది. 2020 చివర్లో వచ్చిన బ్యాష్ 5.1 నుంచి ఇది ముందే ఆన్ అయి వస్తోంది.

హిస్టరీ వెతకడం ఇంత తేలికయ్యాక ఒక ప్రమాదం కూడా తేలికవుతుంది. తొందర్లో పైబాణం, ఎంటర్, అదేమో నిన్నటి రీబూట్. హిస్ట్‌ఇగ్నోర్ వేరియబుల్లో రీబూట్, షట్‌డౌన్ పేర్లు, ఒక్కోదాని వెనక స్టార్ గుర్తు పెట్టి, మధ్యలో కోలన్‌తో రాసెయ్యి, ఆ పేర్లతో మొదలయ్యే లైన్లు అసలు హిస్టరీలోకే ఎక్కవు. ఎవరి మిషన్‌లోనైనా నేను మొదట చేసే పని ఇదే. హిస్ట్‌సైజ్ కూడా పెంచుకో, బ్యాష్ తనంతట తాను దాచేది 500 లైన్లే.

మీ పెద్దాయన చెప్పిన వీఐ మోడ్. చెడ్డది కాదు. బెల్ ల్యాబ్స్‌లో డేవిడ్ కార్న్ రాసిన కార్న్ షెల్ నాటి నుంచీ ఈమాక్స్ తీరు, వీఐ తీరు రెండూ ఉన్నాయి. ఆయన చెయ్యి ఇరవయ్యేళ్లుగా వీఐ తీరు ఎడిటర్ విమ్‌లో ఉండి ఉంటుంది, ఆయనకు అదే హాయి. నువ్వు విమ్‌లో సేవ్ చేసి బయటికి రావడం దాకే వచ్చిఉంటే మాత్రం ఇప్పుడు వద్దు. ఆ మోడ్‌లోకి పోతే కంట్రోల్-ఏ, ఆల్ట్-చుక్క లాంటివి టైపు చేసే స్థితిలో పనిచెయ్యవు, ఎస్కేప్ కొట్టి వేరే కీలు నొక్కాలి. ఏ స్థితిలో ఉన్నావో తెర మీద కనిపించదు కూడా, షో-మోడ్-ఇన్-ప్రాంప్ట్ ఆన్ చేస్తే తప్ప. ప్రయత్నించి చూడాలనిపిస్తే ఫైల్లో రాయకు. సెట్ అడ్డగీత ఓ వీఐ అని ప్రాంప్ట్‌లో కొట్టి ఆ ఒక్క విండోలో ఒక పూట పని చెయ్యి. వీఐ బదులు ఈమాక్స్ అని కొడితే వెనక్కొస్తావు.

ఇన్‌పుట్‌ఆర్‌సిలో పెట్టింది బ్యాష్‌కే కాదు, రీడ్‌లైన్ వాడే జీడీబీ (ప్రోగ్రాముల్లో తప్పులు వెతికేది) లాంటి ప్రోగ్రాములన్నిటికీ వర్తిస్తుంది, అది ఉచితంగా వచ్చే లాభం. లైన్ సర్దుకునే వీలే లేని ప్రోగ్రామ్ అయితే ముందు ఆర్‌ఎల్‌ర్యాప్ అని పెట్టి నడుపు, దానికీ ఇవన్నీ వస్తాయి. జడ్‌షెల్ మాత్రం ఈ ఫైల్ చదవదు, దాని ఎడిటర్ వేరు, బైండ్‌కీ అనే కమాండ్‌తో దానికి వేరేగా చెప్పుకోవాలి. 2019 తర్వాతి మ్యాక్‌లలో ముందే ఉండేది అదే. అందులో ఎడిటర్ వేరియబుల్‌కు విమ్ అని పెట్టగానే కీలన్నీ వీఐ తీరుకు మారిపోయి కంగారుపెడతాయి, బైండ్‌కీ అడ్డగీత ఇ రాస్తే మామూలవుతాయి.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది: దించుకున్న ఆ ఫైల్ పేరు మార్చి పక్కన పెట్టు. కొత్తది తెరిచి, పైన చెప్పిన ఇన్‌క్లూడ్ వరుస, రెండు బాణాల వరుసలు, ట్యాబ్ సెట్టింగ్‌లు రాయి. పాత ఫైల్లోంచి ఏదైనా కావాలనిపిస్తే అదేం చేస్తుందో తెలిశాకే, ఒక్కొక్కటిగా తెచ్చుకో. అప్పటికీ సెమికోలన్, ఐదు, సి పడుతుంటే ఆ సర్వర్ మీద కంట్రోల్-వి, కంట్రోల్-కుడిబాణం కొట్టినప్పుడు పడింది, ఎస్‌టీటీవై అడ్డగీత ఏ చూపించింది, టీమక్స్ ఉందో లేదో, ఈ మూడూ ఇక్కడ పెట్టు. రేపు పొద్దున కందుకూరులో పెళ్లికి పోవాలి, రాత్రికి చూస్తా.